అభిసరించునా, అపసరించునా?

పెన్నగట్టు: నాలుగు రోజులుగా ఒక పద్యం సగం గుర్తొచ్చి సగం రాక చంపుతోంది. 1986లో కావలి దగ్గర తొమ్మిదో తరగతి చదివేటప్పుడు మా ఎన్నెస్ సారు ద్రవాభిసరణ (ఆస్మాసిస్) పాఠానికి సొంతంగా కట్టిన ఆటవెలది. బోర్డు మీద రాసి, తుడిచేసి, చూడకుండా చెప్పమనేవారు.

చిక్కనైన చోటు చేరంగ నభిసరిం
చును జలమ్ము పొరను చొచ్చి చొచ్చి

తర్వాతి రెండు పాదాల్లో ‘ఉప్పు’ అనే మాట ఉందని మాత్రం గుర్తు. అప్పుడు క్లాసులో నా పక్కన కూర్చున్నవాడికి ఫోన్ చేస్తే ‘నభిసరిం’ కాదు, ‘నపసరిం’ అని ఒట్టేస్తున్నాడు. ఎవరన్నా తేల్చండయ్యా.

ఛందోచాదస్తం: రెండూ నగమే, మూడు లఘువులు, ఒక గురువు. పైగా ఐదో గణం, యతితో పని లేదు. ఛందస్సు ఇక్కడ చేతులెత్తేస్తుంది, అర్థమే చూసుకోవాలి. అపసరించడమంటే తొలగిపోవడం. ‘చేరంగ’ అన్నాక తొలగిపోవడమేంది? అభి ఖాయం. మొదటి మాట ‘చక్కనైన’ అయి ఉండొచ్చా అని ఎవరైనా అడిగేలోపే చెప్తున్నా, చ-చే యతి కుదరదు, చి-చే కుదురుతుంది.

కందుకూరు తాత: అభిసారికలో ఉన్న అభి ఇదే కదా. వాసకసజ్జిక ఇల్లు సర్దుకుని ఎదురుచూస్తుంది, అభిసారిక తానే బయల్దేరుతుంది. ద్రవాభిసరణ అని పేరు పెట్టినాయన ఎవరో గానీ రసికుడు. ఉప్పును పొర రానివ్వదు, అందుకని నీరే పొర దాటి పోతుంది.

తిత్తికథ: తాతగారూ, రసికత మనదే, తెల్లోళ్ళది కాదు. ఇంగ్లీషు ‘ఆస్మాసిస్’కు మూలమైన గ్రీకు ‘ఓస్మోస్’ అంటే తొయ్యడం. 1854లో రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం ఆ పేరు ఖాయం చేశాడు. అసలు సంగతి 1748లోనే నోలే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కంట పడింది. సారాయి నింపిన పాత్రకు పంది మూత్రాశయం తిత్తి కట్టి నీళ్ళలో ముంచితే, తిత్తి ఉబ్బింది. వాళ్ళ మాటలో నీటిని ఎవరో తోస్తున్నారు, మన మాటలో నీరు తనంతట తాను నడుస్తోంది. ఏది నిజానికి దగ్గర?

తిక్కన వీధి: అభిసారం మాట వచ్చాక తిక్కన గారిని తలచుకోకపోతే నెల్లూరోళ్ళమెట్టా అవుతాం? విరాటపర్వంలో రాత్రిపూట నర్తనశాలకు సింగారించుకుని పోయేది కీచకుడు. అభిసారిక పని మగాడు చేస్తాడు. చీకట్లో సైరంధ్రి అనుకుని చెయ్యి వేస్తే అక్కడున్నది భీముడు. ఆ ఘట్టాన్ని ఏ వయసులో చదివినా ఒళ్ళు జలదరిస్తుంది. ఎర్ర రక్తకణాన్ని వట్టి నీళ్ళలో వేస్తే జరిగేదీ ఇట్టాంటి చావే.

కందుకూరు తాత: ఉపమానం తిరగబడింది నాయనా. నర్తనశాలలో పోయింది వచ్చినవాడు. ఎర్రకణం దగ్గర వచ్చిన నీరు బాగానే ఉంటుంది, పగిలేది కణం.

రొయ్యలచెరువు: మీ అభి, అప ఎట్టయినా పోనీండి, నా అభ్యంతరం ‘చిక్కనైన’ మీద. హేచరీ నుంచి వెనామీ రొయ్యపిల్ల సంచుల్లో వస్తుంది. పోయినసారి ఆ నీళ్ళ ఉప్పు ఇరవై అయిదు పీపీటీ (వెయ్యి పాళ్ళలో ఇరవై అయిదు), నా చెరువులో పది. సంచులు చెరువులో తేలేసి, చెరువు నీళ్ళు మగ్గుతో కొంచెం కొంచెం కలుపుతూ పొద్దున్నే కూర్చున్నాం. ఒక్కసారిగా గుమ్మరిస్తే పల్చటి నీళ్ళు ఒంట్లోకి దూరి పిల్ల తట్టుకోలేదు. కానీ ఉప్పెక్కువ నీళ్ళను మేమెవరం ‘చిక్కన’ అనం, ‘ఉప్పు పెరిగింది’ అంటాం. నీటి లెక్కన చూస్తే ఉప్పున్న వైపే నీరు పల్చన. మీ సారు తిరగరాశారేమో!

ఛందోచాదస్తం: ‘పల్చనైన’ అంటే ప-చే. యతి చచ్చింది. పద్యంలో చిక్కనే ఉంటుంది, చెరువులో మీ ఇష్టం.

ల్యాబ్‌గది: నాకు నచ్చింది ‘చొచ్చి చొచ్చి’. కణత్వచంలో నీటికోసమే ప్రోటీన్ సొరంగాలున్నాయి, ఆక్వాపోరిన్లు. అందులో నీటి అణువులు ఒకదాని వెనక ఒకటి వరసగా దూరిపోతాయి. పీటర్ ఏగ్రీ 1992లో వాటి పని చూపించాడు, 2003లో నోబెల్ వచ్చింది. ఆ ఆమ్రేడితం సరిగ్గా వరస కట్టడమే!

తిత్తికథ: సారు రాసింది 1986లోనే, ఏగ్రీ కంటే ముందు. ఆమ్రేడితం రెండు గణాలు నింపుకోవడానికి.

ల్యాబ్‌గది: సరే, ఓడిపోయా. కానీ ‘అపసరించు’ను అట్టా తోసెయ్యకండి. సారు సక్రియా రవాణాకు (కణం శక్తి ఖర్చు పెట్టి చేసే రవాణాకు) ఇంకో పద్యం కట్టి ఉంటే? కణత్వచంలోని సోడియం-పొటాషియం పంపు, కణానికి ఇంధనమైన ఏటీపీ అణువు ఒక్కోదానికి మూడు సోడియంలను బయటికి తోసి, రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంది. సోడియం బయటే ఎక్కువున్నా అటే తోలుతుంది. కూలీ ఇచ్చి ఎదురెక్కించడం అన్నమాట. అక్కడ ‘అపసరించు’ అతుకుతుంది. మీ స్నేహితుడు రెండు పద్యాలను కలిపేసుకున్నాడేమో.

కనిగిరి క్యాన్: ఫ్లోరైడ్ నీళ్ళు తాగలేక ఇరవై లీటర్ల క్యాన్ మోసి పెరిగినవాణ్ణి. ఆర్వో ప్లాంటులో మోటారు ఒత్తిడి పెట్టి, ఉప్పున్న వైపు నుంచి నీటిని వెనక్కి తోస్తారు. అపసరణ అంటే ఇది కదా?

కందుకూరు తాత: అభిసారికను మోటారు పెట్టి ఇంటికి పంపించడం అది. అష్టవిధ నాయికల్లో ఆ కేసు లేదు.

తిక్కన వీధి: ఇంత సంస్కృతం దేనికి? మాగాయ ముక్కలకు ఉప్పు పట్టించి మూడో రోజు జాడీ మూత తీస్తే, ముక్క మునిగేంత ఊట. నీరు బయటికొస్తే ఊరింది, శెనగల్లోకి పోతే నానింది. పొర అదే, నీరు అదే. దిక్కు మారితే తెలుగు క్రియే మార్చేసింది. తిక్కన అయితే ఈ రెండు మాటలతోనే పని కానిచ్చేవాడు.

ఛందోచాదస్తం: ఊరగాయలో ముక్క ఊరుతుంది, ఊట లోపలికీ పోతుంది. ‘ఊరు’ రెండు దిక్కులా పనిచేస్తుంది. మీ సిద్ధాంతం జాడీలోనే పోయింది.

తిక్కన వీధి: మీ ఇంట్లో ఆవకాయ కలిపేదెవరో గానీ మీరు మాత్రం కాదు.

పెన్నగట్టు: అయ్యలారా, మావాడు ఇప్పుడే మళ్ళీ ఫోన్ చేశాడు. అభి, అప సంగతి వాడికిప్పుడు అక్కర్లేదంట. మూడో పాదంలో ఉన్నది ‘ఉప్పు’ కాదు, ‘ఉబ్బు’ అంటున్నాడు. కణం ఉబ్బుతుందని అర్థమంట.

ఛందోచాదస్తం: రెండూ గలమే. నన్ను అడగొద్దు.