ఎంఎంటీఎస్: మొదటి ప్లాన్‌లోనే తప్పు జరిగిందా?

ఘట్‌కేసర్‌వాసి: 2003 ఆగస్టులో హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ మొదలైనప్పుడు సికింద్రాబాద్ నుంచి నాంపల్లి, లింగంపల్లి, ఫలక్‌నుమా వైపే నడిపారు. మౌలాలి–సనత్‌నగర్ లైను అప్పటికే ఉంది. దాన్నీ కలిపి ఉంటే తూర్పు వైపు వాళ్లం సికింద్రాబాద్‌లో బండి మారకుండా హైటెక్ సిటీకి పోయేవాళ్లం. మమ్మల్ని మొదటి రోజే పక్కన పెట్టారు.

పాతపట్టాలు: అన్నా, మొదటి దశకు సుమారు 178 కోట్లు. రైల్వే సగం, రాష్ట్రం సగం. ఆ డబ్బుతో కొత్త లైన్లు వేయలేరు. వాడి–సికింద్రాబాద్ లైను 1874లో నిజాం కాలంలో వేసింది. ఆ పట్టాలు ఎటు పోతే లోకల్ అటే పోయింది.

ఘట్‌కేసర్‌వాసి: కొత్త లైను అని నేనెక్కడ అన్నాను? ఉన్న లైనే అన్నాను. మళ్లీ చదవండి.

పాతపట్టాలు: దాన్ని డబ్లింగ్ చేయాల్సి వచ్చింది కదా, అంటే పక్కన ఇంకో పట్టా! అది కొత్త లైను కాదా?

బోరబండ: డబ్లింగ్‌ను కొత్త లైను అనరు.

ఘట్‌కేసర్‌వాసి: అదీ మాట. ఇంకోటి వినండి. 2013లో ఒక వెంచర్ వాళ్లు రెండో దశ శాంక్షన్ అయింది, రెండేళ్లలో రైలు వస్తుందని చెప్పి మాకు ప్లాట్ అమ్మారు. బ్రోచర్ మీద రైలు బొమ్మ. అది ఇప్పటికీ బీరువాలో ఉంది. 816 కోట్ల ప్రాజెక్టు, మూడింట రెండు వంతులు రాష్ట్రం వాటా. రైలు వచ్చింది 2024 మార్చిలో! అన్నేళ్లూ రెండు బస్సులు మారి ఆఫీసుకు పోయాను.

యాకుత్‌పుర అక్క: మీ ప్లాట్ రేటు కోసం రైలు నడపాలా?

ఘట్‌కేసర్‌వాసి: అక్కా, మాట జారొద్దు. అప్పు చేసి కట్టుకున్న ఇల్లు అది.

యాకుత్‌పుర అక్క: సరే, ఆ మాట తప్పే. కానీ నా బాధ కూడా వినండి. మా అమ్మ కుట్టిన బట్టల మూట నెత్తిన పెట్టుకుని మలక్‌పేట పోయేది. రైలు తప్పిపోతే మూట కిందికి దించి, దాని మీదే కూర్చుని ఇంకో బండి కోసం చూసేది. లోకల్‌కు సొంత పట్టాలు లేవు. ఎక్స్‌ప్రెస్, గూడ్సు పోయాకే మన బండి. మేడ్చల్, ఉందానగర్, ఘట్‌కేసర్ అని దూరం పెంచుతున్నారు, మరి బండ్లు అంతకంత పెరిగాయా? మొదటి ప్లాన్‌లో నాకు కనిపించే తప్పు ఇదే. విడి పట్టాల మాటే ఎత్తలేదు.

ఘట్‌కేసర్‌వాసి: మీకు 2003 నుంచి ఎక్కడానికి బండి ఉంది. మాకు అదీ లేదు. ముందు మా దాకా రానివ్వండి, పట్టాల సంగతి తర్వాత.

యాకుత్‌పుర అక్క: ఆ 'తర్వాత' కోసం మేం ఇరవై ఏళ్లు దాటి చూస్తున్నాం తమ్ముడూ.

పాతపట్టాలు: డబ్లింగ్ అంటే రెండో పట్టా. రెండో పట్టా అంటే కొత్తదే.

నేరేడ్‌మెట్: సాయంత్రం ఏడు దాటాక లింగంపల్లి నుంచి మా వైపు బండి ఉందా? రోజూ ఎక్కేవాళ్లు ఎవరైనా చెప్పండి.