గుడికి 125 ఏళ్ళ పండగ, స్టోర్‌రూమ్‌లో దొరల కాలం నాటి కాలి హార్మోనియం.. బాగు చేయించాలా వదిలేయాలా?

పల్నాటి_కీబోర్డు:
అందరికీ వందనాలండి. మాది నరసరావుపేట దగ్గర ఊరు, ఏ.ఇ.ఎల్.సి. (ఆంధ్రా ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) సంఘం. వచ్చే జనవరికి మా గుడి కట్టి 125 ఏళ్ళు అవుతుంది, పెద్ద పండగే చేస్తున్నారు, షామియానా భోజనాలు అన్నీ మాట్లాడేశారు, పాటలు మాత్రం నా నెత్తిన పెట్టారు. ఇంతలో మొన్న సున్నాలు వేయడానికి స్టోర్‌రూమ్ ఖాళీ చేస్తుంటే విరిగిన బెంచీల కింద ఒక కాలి హార్మోనియం బయటపడింది. మా నాయనమ్మ చూసి "దొరసానిగారి పెట్టె రా అది, నేను సండే స్కూల్లో ఉన్నప్పుడు దానిమీదే వాయించేవాళ్ళు" అంది. పెడళ్ళ పట్టీలు తెగిపోయాయి, తిత్తి ఎలకలు కొట్టేశాయి, 20 మెట్ల దాకా నొక్కితే పైకి లేవట్లేదు. సంఘ పెద్దల్లో సగం మంది పాత సామాన్లకి వేసెయ్యమంటున్నారు, ఆ డబ్బుతో ఇంకో స్పీకర్ వస్తుందంట. యూత్ అంతా కొత్త పాటలు అంటున్నారు, ముసలివాళ్ళు కీర్తనలే కావాలంటున్నారు, నేను మధ్యలో ఇరుక్కుపోయా. ఎవరైనా ఇలాంటిది బాగు చేయించారా? పండగ రోజు దీన్ని వాయించగలమా?

సరిగమ_షాపు:
సింపుల్‌గా చెప్తా బ్రదర్, గ్లాసు కేసులో పెట్టి పక్కన కాయితం అంటించండి, వాయించడానికి మంచి కీబోర్డ్ అద్దెకి తెచ్చుకోండి. పండగ రోజు అది మధ్యలో ఆగిపోతే పరువు పోయేది నీదే.

తెనాలి_పద్యం:
అమ్మొద్దు తమ్ముడూ, నీ కాళ్ళు పట్టుకుంటా. నేను పద్యనాటకాలకి 30 ఏళ్ళుగా హార్మోనియం వాయిస్తున్నా, మాది క్రైస్తవ కుటుంబం కాదు కానీ మా ట్రూపుకి మొదటి కాలి హార్మోనియం ఒక చర్చి నుంచే వచ్చిందని మా గురువుగారు చెప్పేవారు.

ముందు వెనక చెక్క విప్పి చూడు. పాత పెట్టెలు రెండు రకాలు, గాలి బయటికి నెట్టేవి, లోపలికి పీల్చేవి. అమెరికా దొరలు తెచ్చినవి ఎక్కువగా పీల్చే రకం. పీల్చే రకంలో గాలితో పాటు దుమ్ము కూడా నేరుగా రీడ్ల (గాలికి అదిరి పలికే ఇత్తడి రేకులు) మీదికే వస్తుంది, అందుకే సగం స్వరాలు మూగబోతాయి, రీడు చచ్చిపోయిందని కాదు. ఒక్కోటి తీసి మెత్తటి బ్రష్‌తో దులిపితే చాలా వరకు పలుకుతాయి. తీసే ముందు ఏది ఎక్కడిదో నంబర్ వేసుకో, కలిసిపోయాయంటే నెల రోజులు ఏడవాలి. బ్లేడ్‌తో గీకడం మాత్రం వద్దే వద్దు, రీడు కొస దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది, తెలియని వాడి చేతిలో పడితే ఇత్తడి ముక్క వెనక్కి రాదు.

తిత్తి గుడ్డ కొత్తది వేయాల్సిందే, దానికి ఫెవికాల్ పూయకు, పాతకాలం వజ్రం బంక వేస్తే మళ్ళీ ఎప్పుడైనా వేడినీళ్ళతో విప్పుకోవచ్చు. గుంటూరు తెనాలి వైపు నాటకాల వాళ్ళని అడిగితే ఈ పని చేసే ముసలాయనలు ఇంకా ఒకరిద్దరు దొరుకుతారు. జనవరి అంటున్నావు కదా, ఇప్పుడే కదులు.

మిన్నెసోటా_గుంటూరోడు:
పై అన్న చెప్పింది కరెక్ట్. ఒకటి కలుపుతా, పాత అమెరికా పెట్టెలు కొన్ని 435 శ్రుతి మీద ఉంటాయి (అంటే A స్వరం సెకనుకి 435 సార్లు అదురుతుంది), మన కీబోర్డ్ 440. రెండూ కలిపి వాయిస్తే జనం చెవులు మూసుకుంటారు. ట్రాన్స్‌పోజ్ నొక్కితే పని అవదు, అది అరస్వరం అరస్వరంగా జరుగుతుంది, సెట్టింగ్స్‌లో మాస్టర్ ట్యూనింగ్ అని ఉంటుంది, దాన్ని పెట్టెకి తగ్గట్టు దించు. పెట్టెని కీబోర్డ్‌కి తగ్గట్టు మార్చాలని చూడకు.

ఇక కొత్త పాటలా కీర్తనలా అనే గొడవ ఇక్కడ అమెరికాలో మా తెల్లోళ్ళ లూథరన్ చర్చిలో కూడా సేమ్ టు సేమ్, ఆర్గన్ బ్యాచ్ ఒకటి గిటార్ బ్యాచ్ ఒకటి. మీ యూత్‌కి ఇది చెప్పు, లూథరన్ల మొదటి పాటల పుస్తకం 1524లో వచ్చింది, అందులో ఉన్నవి మొత్తం 8 పాటలు, 4 మన సంఘాలకి ఆ పేరు తెచ్చిన మార్టిన్ లూథర్ రాసినవే. జనం తమ భాషలో తామే పాడుకోవాలని కదా ఆయన గోల అంతా, అప్పటికి అవే కొత్త పాటలు మరి.

గుంటూరు_కొయిర్_అమ్మ:
బాబూ, నేను 40 ఏళ్ళు కొయిర్ నేర్పాను. ముందు మీ బ్యానర్ సంగతి చూసుకోండి, మీ పక్క మండలంలో ఒక సంఘం "లూథరన్ సంఘం స్థాపించి 125 ఏళ్ళు" అని వేసి నవ్వులపాలైంది. ఇక్కడ లూథరన్ పని మొదలుపెట్టిన అమెరికా మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చింది 1842 జులై 31న, మీ పల్నాడులో గురజాల దాకా వెళ్ళి పని చేశారు. ఏ.ఇ.ఎల్.సి. ఏర్పడింది 1927లో, దానికి 2027లో నూరేళ్ళు. మీ 125 మీ గుడి భవనానివి. ఏది దేనిదో సరిగ్గా రాయించండి.

పాటలకి వస్తే, కీర్తన మీద రాగం తాళం ఉంటుంది చూడు, యూత్ పిల్లలు అది చూడకుండా అన్నిటికీ కార్డ్స్ (మూడు నాలుగు స్వరాలు ఒకేసారి నొక్కడం) వేసేస్తారు. శంకరాభరణం అయితే మేజర్ కార్డ్స్‌తో, నాలుగు గొంతులతో కూడా చక్కగా కూర్చుంటుంది. అదే ఆనందభైరవిలో కీర్తనకి కార్డ్ పెడితే గమకం చచ్చిపోతుంది, దానికి శ్రుతి పట్టుకుని తబలా చాలు. అందుకని కీర్తనలు మూడు పెద్దవాళ్ళతో, సోప్రానో ఆల్టో టెనర్ బేస్ పాట ఒకటి కొయిర్‌తో, కొత్తవి రెండు యూత్‌తో. కొట్టుకోకుండా అయిపోతుంది.

ఇంకోటి, పెట్టె సంగతి తర్వాత, ముందు మీ నాయనమ్మగారి దగ్గర కూర్చో. ఒకే కీర్తనని ఒక్కో ఊళ్ళో ఒక్కో వరసలో పాడతారు, మీ ఊరి వరస పుస్తకంలో ఉండదు. ఫోన్‌లో రికార్డ్ చెయ్యి, ఫ్యాన్ ఆపేసి.

సరిగమ_షాపు:
సరే అమ్మగారు, గ్లాసు కేసు మాట వెనక్కి తీసుకుంటున్నా 🙏 స్పీకర్ మాత్రం కొనండి, వెనక బెంచీలకి వినపడదు.

పల్నాటి_కీబోర్డు:
అందరికీ థాంక్స్ అండి. నిన్న వెనక చెక్క విప్పాం. లోపల ఎలక గూడు, దాన్నిండా చింపిన కానుక కవర్లు, ఒక పలక బలపం ముక్క. పీల్చే రకమే. ఐదు రీడ్లు తీసి దులిపి నోటితో గాలి పీల్చి చూశాం, నాలుగు పలికాయి. తిత్తి గుడ్డ కొలతలు తీసుకున్నా, ఆదివారం తెనాలి వెళ్తున్నా, పద్యం అన్నా మీ నంబర్ మెసేజ్ చేయండి.

నాయనమ్మని రికార్డ్ చేశా. నేను ఇన్నేళ్ళుగా వాయిస్తున్న వరసే కాదంట అది. రెండో చరణం దగ్గర ఆపి "ఇక్కడ సాగదియ్యాలి రా, మీరంతా పరిగెడతారు" అని మూడుసార్లు తిట్టింది, ఆ తిట్లు కూడా రికార్డ్ అయ్యాయి.