బత్తాయి తొక్క సారంలో హెస్పెరిడిన్ ప్రభావాన్ని విడిగా గుర్తించడం ఎలా?

పళ్లరసం దుకాణాల్లో పారవేసే నల్గొండ బత్తాయి తొక్కలను నీడలో ఆరబెట్టి, పొడిచేసి, మిథనాల్‌లో నానబెట్టి తీసిన సారాన్ని డీపీపీహెచ్ (యాంటీఆక్సిడెంట్ గుణాన్ని పరీక్షించే ఊదారంగు రసాయనం) ద్రావణంలో కలిపినప్పుడు ఊదారంగు పసుపుకు మారుతున్నది. 517 నానోమీటర్ల వద్ద శోషణ కూడా స్పష్టంగా తగ్గుతున్నది. అయితే ఈ యాంటీఆక్సిడెంట్ గుణంలో విటమిన్ సి వాటా ఎంత, తొక్క లోపలి తెల్లని పొరలో అధికంగా ఉండే హెస్పెరిడిన్ అనే ఫినాలిక్ పదార్థం వాటా ఎంత అన్నది తేలడం లేదు. హెస్పెరిడిన్ నీటిలో దాదాపు కరగదు కనుక, నీటిలో కరిగే విటమిన్ సిని తొలగించేందుకు పొడిని ముందుగా చల్లని నీటితో కడగాలనుకున్నాను; కానీ నీటిలో కరిగే ఇతర ఫినాలిక్ పదార్థాలు కూడా పోతాయన్నదే నా ఆందోళన. ఆస్కార్బేట్ ఆక్సిడేజ్ ఎంజైమ్‌తో విటమిన్ సిని మాత్రమే తొలగించడం మేలా? మా ప్రయోగశాలలో స్పెక్ట్రోఫోటోమీటర్ తప్ప, మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ లేదు. ఇటువంటి పని స్వయంగా చేసినవారు తమ పద్ధతిని దయచేసి వివరించగలరు.