సైటేషన్ ఉంది, పారా దొరకడం లేదు: తీర్పును వాదనల్లో ఎలా రాయాలి?

కేజీ రోడ్ జూనియర్:
బెంగళూరు సిటీ సివిల్ కోర్టులో దాఖలు చేయాల్సిన రాతపూర్వక వాదనలు తయారుచేస్తున్నాను. ఒకే సుప్రీంకోర్టు తీర్పుకి మూడు నాలుగు సైటేషన్లు (తీర్పు ఏ పుస్తకంలో, ఎక్కడుందో చెప్పే గుర్తులు) కనిపిస్తున్నాయి. ఏది రాయాలి? ఏఐఆర్‌లో (ఆల్ ఇండియా రిపోర్టర్) చూసిన పారా నంబరు ఎస్‌సీసీలో (సుప్రీంకోర్ట్ కేసెస్) తీస్తే ఇంకేదో విషయం వస్తోంది. ఇంకో సందేహం: మా పాయింటు మీదే ఆంధ్ర హైకోర్టు తీర్పు ఒకటుంది. ఇక్కడ పెట్టొచ్చా?

అట్టార కచేరి:
అవన్నీ ఒకే తీర్పుకి వేర్వేరు చిరునామాలండి. కేశవానంద భారతి వర్సెస్ స్టేట్ ఆఫ్ కేరళనే తీసుకోండి. (1973) 4 ఎస్‌సీసీ 225 అంటే 1973 నాలుగో వాల్యూమ్, 225వ పేజీ. ఏఐఆర్ 1973 ఎస్‌సీ 1461 అంటే ఆ ఏడాది సుప్రీంకోర్టు విభాగంలో 1461వ పేజీ. అక్కడ వాల్యూమ్ నంబరు రాయరు. ఎస్‌సీఆర్ (సుప్రీంకోర్ట్ రిపోర్ట్స్) సుప్రీంకోర్టు అధికారిక సంకలనం, ఈ-ఎస్‌సీఆర్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

2023 నుంచి న్యూట్రల్ సైటేషన్ (ఏ ప్రచురణకర్తతోనూ సంబంధం లేకుండా కోర్టే ఇచ్చే నంబరు) వచ్చింది: సంవత్సరం, ఐఎన్‌ఎస్‌సీ, క్రమసంఖ్య. కర్ణాటక హైకోర్టుదైతే సంవత్సరం తర్వాత కేహెచ్‌సీ ఉంటుంది. ధార్వాడ బెంచ్‌కి కేహెచ్‌సీ-డి, కలబురగి బెంచ్‌కి కేహెచ్‌సీ-కె. ఈ పద్ధతిలో పేజీ నంబరు ఉండదు కాబట్టి పారా నంబరు తప్పనిసరి.

నా సలహా: న్యూట్రల్ సైటేషన్ ఒకటి, ఎస్‌సీసీ గానీ ఎస్‌సీఆర్ గానీ ఒకటి, రెండే రాయండి. నాలుగూ కుక్కితే జడ్జిగారి కన్ను అసలు పారా మీదికి పోదు. పారా నంబర్లు ఒక్కో రిపోర్టర్‌లో (తీర్పుల సంకలనంలో) ఒక్కోలా పడతాయి. అందుకే మీరు ఏ కాపీ జత చేస్తున్నారో ఆ కాపీలోని నంబరే రాయాలి. ఏఐఆర్ నంబరు రాసి ఎస్‌సీసీ ప్రింటవుట్ ఇస్తే ఎదుటి లాయరు లేచి "ఆ పారాలో ఆ మాట లేదు" అంటారు, ఆ మాట నిజమే అవుతుంది కూడా.

పారా పట్టండి:
పారా నంబరు సరిపోయినా పని అయిపోలేదండి. ఆ పారాలో మాట్లాడుతున్నది ఎవరు? మన తీర్పుల్లో ముందు వాది తరఫు వాదన, తర్వాత ప్రతివాది వాదన, మధ్యలో పాత తీర్పుల్లోంచి పేజీలకు పేజీలు ఎత్తిరాసిన భాగాలు ఉంటాయి. సెర్చ్‌లో మన మాట కనబడగానే కాపీ చేస్తే, చివరికి కోర్టు తోసిపుచ్చిన వాదననే కోర్టు నిర్ణయంగా చూపించినట్టవుతుంది. రెండు పారాలు పైకి, రెండు కిందికి చదవండి. హెడ్‌నోట్ (తీర్పు పైన వేసే సారాంశం) నుంచి మాత్రం ఎత్తకండి. అది సంపాదకులు రాసేది, తీర్పులో భాగం కాదు.

ఎక్కువమంది జడ్జిలున్న తీర్పుల్లో ఎవరి అభిప్రాయమో కూడా రాయాలి. కేశవానందలో 13 మంది జడ్జిలు, 7-6 తేడాతో తేలింది. మైనారిటీ పారాని మెజారిటీదిగా చూపిస్తే మీ మిగతా సైటేషన్లన్నీ అనుమానంలో పడతాయి.

ఆ తర్వాత తీర్పు ఇంకా బతికి ఉందా అని చూడండి. ఉదాహరణకు (1976) 2 ఎస్‌సీసీ 521, ఎమర్జెన్సీ నాటి ఏడీఎం జబల్‌పూర్ కేసు తీర్పు. పుస్తకంలో ఇప్పటికీ అదే పేజీలో ఉంది. కానీ 2017లో పుట్టస్వామి కేసులో, (2017) 10 ఎస్‌సీసీ 1, తొమ్మిది మంది జడ్జిల బెంచ్ ఆ మెజారిటీ తీర్పుని రద్దుచేసింది. సైటేషన్ అక్షరం పొల్లుపోకుండా రాసినా లాభం లేదు.

అట్టార కచేరి:
ఆంధ్ర తీర్పు సంగతి. నిరభ్యంతరంగా పెట్టండి, కానీ అది కర్ణాటకలోని కోర్టులను కట్టిపడేయదు. 141వ అధికరణం కింద అందరినీ బంధించేది సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయసూత్రమే. అందుకని "ఈ తీర్పును అనుసరించాలి" అని కాక "ఈ తర్కం పరిశీలనార్హం" అనే ధోరణిలో రాయండి. కర్ణాటక హైకోర్టు అదే పాయింటు మీద వేరేగా చెప్పిందేమో ముందు వెతకండి. చెప్పి ఉంటే మీ ఆంధ్ర తీర్పు నిలవదు. ఆంధ్ర తీర్పులు వేసే ఏఎల్‌టీ, ఏఎల్‌డీ సంకలనాలు ఇక్కడి ఛాంబర్లలో సులువుగా దొరకవు. పూర్తి కాపీ జతచేసి, ఆధారపడే పారా పక్కన గీత గీయండి. 2019 జనవరి 1కి ముందుదైతే అది ఉమ్మడి హైకోర్టు తీర్పు, ఆ మాట స్పష్టంగా రాయండి.

కేజీ రోడ్ జూనియర్:
ఇంకా ఏ రిపోర్టర్‌లోనూ రాని తీర్పు అయితే?

పారా పట్టండి:
కేసు రకం, నంబరు, సంవత్సరం, కోర్టు, తీర్పు తేదీ రాసి, ఉంటే న్యూట్రల్ సైటేషన్ కలపండి. కాపీ కోర్టు వెబ్‌సైట్ నుంచే దించండి. ఏఐ చాట్ ఇచ్చిన సైటేషన్‌ని తెరిచి చూడకుండా వాడొద్దు. 2024 డిసెంబర్‌లో ఇక్కడి ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ బెంచ్ ఇచ్చిన ఉత్తర్వులో అసలు ఉనికిలోనే లేని తీర్పుల సైటేషన్లు దొర్లడంతో ఆ ఉత్తర్వునే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. దాఖలు చేసే ముందురోజు ప్రతి సైటేషన్‌నీ మళ్లీ తెరిచి, పేరు, సంవత్సరం, పేజీ, పారా వేలు పెట్టి సరిచూసుకోండి.