చీలమండ బెణికిన పిల్లకు సాగే టేపు వేసి ఆడించవచ్చా?

రాజోలు రైతు అడిగారు:

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది, పాఠశాల కబడ్డీ జట్టులో కూతకు వెళుతుంది. పన్నెండు రోజుల క్రితం సాధనలో కూత ముగించుకొని గీత వైపు తిరగబోతుండగా కుడి పాదం లోపలికి మడతపడి కూలబడిపోయింది. సాయంత్రానికల్లా చీలమండ బయటివైపు కోడిగుడ్డంత వాపు వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టి, నూనె రాసి గట్టిగా మర్దనా చేశారు, మరునాటికి వాపు ఇంకా పెరిగింది. ఇప్పుడు చాలావరకు తగ్గింది, కుంటకుండానే నడుస్తోంది, కానీ మెట్లు దిగేటప్పుడు మాత్రం నొప్పి అంటోంది. ఆసుపత్రికి ఇంకా తీసుకువెళ్లలేదు. మూడు వారాల్లో పోటీలు ఉన్నాయి.

జట్టులోని మరో అమ్మాయి అమలాపురంలో కొన్న నీలం రంగు సాగే టేపును మోకాలికి అతికించుకొని ఆడుతోంది. అది వేసుకుంటే రక్తం బాగా ఆడుతుందని, బెణుకు త్వరగా మానుతుందని ఆమె చెప్పిందట. మా అమ్మాయి కూడా అదే కావాలని పట్టుబట్టింది. ఆ టేపు వేసి ఆడించవచ్చా? ఏ రంగుది తీసుకోవాలి, ఎంత బిగువుగా వేయాలి, ఎన్ని రోజులు ఉంచాలి? సార్వా ఊడ్పులకు వెళ్లి వచ్చినప్పటి నుంచి మా అమ్మగారికి పిక్కలు నొప్పులుగా ఉంటున్నాయి, ఆవిడకు కూడా అదే చుట్టలోంచి కత్తిరించి వేయవచ్చా అన్నది నా రెండో సందేహం. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

భీమవరం ఫిజియో సమాధానం:

రైతు గారూ, ముందు టేపు సంగతి పక్కన పెట్టి కాలి సంగతి చూద్దాం. ఎముక బాగుందని తెలియని కాలికి ఏ టేపూ వేయకూడదు. చీలమండ దెబ్బకు ఎక్స్‌రే అవసరమా కాదా అని తేల్చుకోవడానికి కెనడా వైద్యులు 1992లో ఒట్టావా నియమాలను ప్రచురించారు, ఇవాళ ప్రపంచమంతటా వాటినే పాటిస్తున్నారు. చీలమండకు రెండు పక్కలా ఎముక గుబ్బలు పొడుచుకు వచ్చి ఉంటాయి కదా, ఒక్కొక్కదాని వెనుక అంచు వెంబడి కొన నుంచి పైకి 6 సెంటీమీటర్ల మేర వేలితో నొక్కి చూడండి. పాదం బయటి అంచు మధ్యలో చేతికి తగిలే ఎముకను, లోపలివైపు వంపు పైన ఉండే ఎముకను కూడా అలాగే నొక్కి చూడండి. వీటిలో ఎక్కడైనా ఎముక మీదనే నొప్పి ఉంటే, లేదా దెబ్బ తగిలిన వెంటనేనూ, ఆ తర్వాత వైద్యులు చూసేటప్పుడూ రెండుసార్లూ నాలుగు అడుగులు వేయలేకపోయి ఉంటే, ఎక్స్‌రే తీయించాలి. అవి దెబ్బ తగిలిన కొత్తలో చూసే నియమాలే అయినా, పన్నెండు రోజుల తర్వాత కూడా ఎముక నొప్పి ఉందంటే ఆలస్యం చేయకండి. ఎదుగుదల పూర్తికాని పిల్లల్లో ఎముక చివరి ఎదుగుదల పొరకు తగిలిన దెబ్బ పైకి బెణుకులాగే కనిపిస్తుంది.

ఇక టేపు గురించి. దీన్ని 1970లలో జపాన్‌కు చెందిన కెంజో కాసే రూపొందించారు. నూలు బట్టలో సాగే దారం కలిపి, వెనుక వేడికి పట్టుకునే జిగురు పూస్తారు. అది తన పొడవుకు మరో 40 శాతం వరకు సాగుతుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో క్రీడాకారుల భుజాల మీదా మోకాళ్ల మీదా కనిపించడంతో ప్రపంచమంతా పాకింది. టేపు చర్మాన్ని ముడతలుగా కొద్దిగా పైకి లేపుతుందని, ఆ ఖాళీలో రక్తమూ లింఫు ద్రవమూ సులువుగా పారి నొప్పి తగ్గుతుందని తయారీదారులు చెబుతూ వచ్చారు. ఆ మాట పరీక్షకు నిలబడలేదు. బ్రెజిల్‌లో దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 148 మందిలో కొందరికి చర్మం ముడతలు పడేలా సాగదీసి, మిగిలినవారికి అసలు సాగదీయకుండా టేపు వేసి చూశారు. 2014లో వెలువడిన ఆ ఫలితాల్లో రెండు వర్గాలకూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ముడతల వల్లే మేలు జరుగుతుందన్న సిద్ధాంతానికి అది గట్టి దెబ్బ. రంగుల్లో మందు ఏదీ లేదు, నీలమైనా నలుపైనా ఒకటే.

అలాగని టేపు పూర్తిగా దండగ అని నేను అనను, నా దగ్గరకు వచ్చేవారికి నేనూ వేస్తాను. నొప్పికి భయపడి కీలును కదపనివారికి చర్మం మీద ఆ స్పర్శ కొంత ధైర్యం ఇస్తుంది, కొద్ది రోజులు నొప్పి కాస్త తగ్గినట్లు కూడా ఉంటుంది, ఆ వెసులుబాటులో వ్యాయామం చేయించుకోవాలి. కానీ మీ అమ్మాయికి కావలసింది పాదం మళ్లీ లోపలికి మడతపడకుండా ఆపేది. సాగే టేపు పేరుకు తగ్గట్టే సాగిపోతుంది, ఒంటి బరువుతో పాదం తిరిగినప్పుడు దాన్ని ఆపలేదు. ఆ పని చేసేవి సాగని తెల్ల టేపు గానీ, తాళ్లతో బిగించే చీలమండ పట్టీ గానీ. ఒకసారి బెణికిన కాలు మళ్లీ బెణకకుండా అవి కాపాడతాయన్న దానికి మంచి ఆధారాలే ఉన్నాయి. తెల్ల టేపును తెలిసినవారి చేత వేయించి, ఆట అవగానే తీసేయాలి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది నిలకడ సాధన. ఒంటికాలి మీద అర నిమిషం నిలబడటంతో మొదలుపెట్టి, తర్వాత కళ్లు మూసుకొని, ఆ తర్వాత మెత్తని దిండు మీద చేయించండి. వేళ్ల మీద లేచి దిగడం, ఒంటికాలి గెంతులు, పక్కలకు పరుగు ఒక్కొక్కటిగా కలపండి. బెణికిన కాలితో బాగున్న కాలితో సమానంగా, నొప్పి లేకుండా గెంతగలిగి, ఒక్కసారిగా దిశ మార్చి పరుగెత్తగలిగినప్పుడే కూతకు పంపండి. తేదీ చూసి పంపకండి.

ఇంకొక మాట. తాజా బెణుకుకు మొదటి రెండు రోజులు కాపడమూ మర్దనా వద్దు, వాపు పెరిగేది వాటివల్లే. ఐసును గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టి, కాలు ఎత్తులో ఉంచాలి. రొయ్యల ఎగుమతి పుణ్యమా అని మన వైపు ఐసుకు కరువు లేదు, అయినా దెబ్బ తగిలితే అందరి చేయీ ముందు ఉప్పు మూట మీదికే వెళుతోంది, అదే నా బాధ.

నరసాపురం వాలీబాల్ సమాధానం:

ఫిజియో గారు చెప్పినదానికి ఒక ఆటగాడి అనుభవం కలుపుతున్నాను. భుజం నొప్పికి నాకు నాలుగేళ్లుగా ఈ టేపు అలవాటు. మొదటిసారి నేనే వేసుకొని చేసిన పొరపాటు ఏమిటంటే, ఎంత లాగితే అంత పని చేస్తుందనుకొని రెండు కొసలను కూడా బాగా సాగదీసి అతికించాను. రాత్రికి రాత్రే కొసల దగ్గర చర్మం పొక్కులెక్కింది, ఆ మచ్చలు పోవడానికి నెల పట్టింది. రెండు వైపులా రెండేసి వేళ్ల వెడల్పు కొసలను అస్సలు లాగకూడదని, మధ్య భాగాన్ని మాత్రమే కొద్దిగా సాగదీయాలని, మూలలు గుండ్రంగా కత్తిరిస్తే త్వరగా లేవవని తర్వాత నేర్చుకున్నాను.

మన ఉక్కపోతలో చెమట పెద్ద సమస్య. నూనె గానీ నొప్పి బామ్ గానీ రాసిన చోట ఇది పట్టదు. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరిన తర్వాత వేసి, అరచేత్తో బాగా రుద్ది వేడి పుట్టించి, ఆటకు కనీసం అరగంట ముందే సిద్ధంగా ఉండాలి. వెంట్రుకలు ఎక్కువగా ఉంటే కత్తెరతో పొట్టిగా చేయండి. స్నానం చేయవచ్చు, తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి. మూడు నుంచి అయిదు రోజులు ఉంచవచ్చని చెబుతారు, మన వాతావరణంలో నేను మూడో రోజుకే తీసేస్తాను. తీసేటప్పుడు లాగి పీకవద్దు. కొబ్బరి నూనె బాగా పట్టించి పది నిమిషాలు ఆగి, చర్మాన్ని ఒక చేత్తో అదిమి పట్టుకొని వెంట్రుకలు వాలిన దిశలో చుట్టుకుంటూ రావాలి. మొదటిసారి వేసేవారు చిన్న ముక్కను ముంజేతి లోపలివైపు ఒక రోజు ఉంచి చూసుకోవడం మంచిది, దురద పుడితే వెంటనే తీసేయాలి.

కోనసీమ నర్సు సమాధానం:

మీ అమ్మగారి విషయం ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. ఆవిడకు జ్వరం ఉందా? కళ్లు ఎర్రబడ్డాయా? ఊడ్పుల నీళ్లలో దిగినవారికి జ్వరంతో పాటు పిక్కలు తాకనివ్వనంత నొప్పిగా ఉంటే లెప్టోస్పైరోసిస్ అన్న అనుమానం ఉండాలి, ఎలుక మూత్రం కలిసిన నీటి ద్వారా సోకే ఆ జబ్బుకు తొలి రోజుల్లోనే మందు పడాలి. ఒక పిక్క మాత్రమే ఉబ్బి, బిగిసి, వేడిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, అప్పుడు టేపూ మర్దనా రెండూ ప్రమాదమే. గోదావరి జిల్లాల్లో బోదకాలు తరతరాలుగా ఉన్నది కాబట్టి పాదం వాపును కూడా తేలికగా తీసుకోకూడదు. మధుమేహం వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారికి, పల్చబడిన చర్మం ఉన్న వృద్ధులకు, పుండ్లు ఉన్నచోట ఈ టేపు వద్దు.

రాజోలు రైతు:

మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అమ్మాయి చీలమండ బయటి గుబ్బ వెనుక నొక్కగానే కాలు లాక్కుంది. నిన్ననే ఎక్స్‌రే తీయించాము. ఎముక విరగలేదని, ఎముకలను కలిపి ఉంచే లిగమెంటు సాగిందని, మరో నాలుగు వారాలు ఆట వద్దని వైద్యులు చెప్పారు. పోటీలు పోయాయని పిల్ల రాత్రి అన్నం తినలేదు. ఈ ఉదయం మాత్రం అరుగు మీద ఒంటికాలిపై నిలబడి పళ్లు తోముకుంటూ కనిపించింది, తమ్ముడు పక్కన నిలబడి అంకెలు లెక్కపెడుతున్నాడు.

అమ్మకు జ్వరం లేదు, కళ్లు బాగానే ఉన్నాయి. ఎడమ పాదం ఏడాదిగా సాయంత్రాలు ఉబ్బుతోందని అడిగితేనే చెప్పింది, ఇన్నాళ్లూ వయసు వల్ల అనుకున్నదట. రేపు ఆవిడను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళుతున్నాను. టేపు కొనలేదు, చీలమండ పట్టీ కొన్నాను.