హల్క్ 181: అట్టకు రంగు దిద్దారో లేదో ఫొటోల్లో పట్టేదెలా?

2021లో ఆకాశాన్నంటిన అమెరికన్ కామిక్స్ ధరలు దిగొచ్చాయి కదా, 1974 నాటి 'ఇన్‌క్రెడిబుల్ హల్క్' 181వ సంచికకు గ్రేడింగ్ (నిపుణులతో స్థితికి మార్కులు వేయించడం) చేయించని కాపీ కొనాలనుకుంటున్నాను. మార్వెల్ హీరో వుల్వరిన్ పూర్తిస్థాయిలో కనిపించిన మొదటి సంచిక, గిరాకీ ఎటూ పోదు. లోపల మార్వెల్ వాల్యూ స్టాంపు, అంటే పేజీలోనే అచ్చువేసిన చిన్న బొమ్మ, ఉంటుంది. అప్పటి పిల్లలు కత్తిరించి దాచుకునేవాళ్లు. అది లేకపోతే అట్ట ఎంత మెరిసినా గ్రేడు అడుగుకు పడిపోతుంది. అందుకే ముందు ఆ పేజీ ఫొటోనే అడుగుతున్నాను. పిన్నుల తుప్పు, ఊడిన నడిపేజీ, వెన్ను మడతల్లో లేచిన రంగు కూడా చూసుకోగలను.

చిక్కల్లా రంగు పోయిన చోట మార్కర్‌తో దిద్దిన అట్టతోనే. అట్ట లోపలివైపు ఇంకిన మరక, అల్ట్రావయొలెట్ లైటు కింద తీసిన ఫొటో, ఈ రెండూ అడిగితే చాలా? ధరకు గత 90 రోజుల్లో నిజంగా అమ్ముడైన కాపీల ధరలే లెక్కలోకి తీసుకోవాలా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.