నిఖా వేరు, ప్రభుత్వ నమోదు వేరు అయినప్పుడు స్వలింగ వివాహ చట్టాన్ని ముస్లిం ఎలా చూడాలి?

ప్రశ్న (జిజ్ఞాసువు)

అందరికీ సలాం, నమస్కారం. నేను నమాజు, రోజా పాటించే ముస్లింను. స్వలింగ సంబంధం మన ధర్మంలో నిషిద్ధమని చిన్ననాటి నుంచి నేర్చుకున్నాను, ఆ బోధనను ఇప్పుడు కాదనడమూ లేదు. అయితే అటువంటి వివాహాలను చట్టం అనుమతించే దేశంలో నివసిస్తున్నాను. పదేళ్లుగా నాతో కలిసి పనిచేస్తున్న ఒక సహోద్యోగి, ముస్లిం కాని వ్యక్తి, తన పెళ్లి నమోదుకు సాక్షిగా సంతకం చేయమని నన్ను కోరాడు. అతను పెళ్లాడబోయేది మరొక పురుషుణ్ణి. నేను ఇంకా జవాబు చెప్పలేదు.

నా సందేహం ఇది. మన ధర్మశాస్త్రంలో పెళ్లి ఒక ఒప్పందం. ఇజాబ్ (ప్రతిపాదన), ఖుబూల్ (అంగీకారం), ఇద్దరు సాక్షులు, మెహర్ (వరుడు వధువుకు ఇచ్చే సొమ్ము) ఉంటే నిఖా అవుతుంది తప్ప, ప్రభుత్వ ముద్ర దానికి షరతు కాదు. అలాగే ప్రభుత్వం తన రిజిస్టరులో రాసుకొనే పెళ్లికి ఖాజీతో పని లేదు. ఈ రెండూ మొదటి నుంచీ వేర్వేరు అయినప్పుడు, 2001 ఏప్రిల్ 1న నెదర్లాండ్స్‌తో మొదలై ఎన్నో దేశాలు ఇస్తున్న ఈ పౌర హక్కును వ్యతిరేకించడం విశ్వాసంలో భాగమవుతుందా, లేక మనకు సంబంధించని విషయమని ఊరుకోవచ్చా? ఊరుకుంటే హరామును హలాలు అన్నట్టేనా? తెలిసినవారు ఆధారాలతో చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం 1 (కుటుంబ చట్టం చదివినవారు)

మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు పెనవేసుకొని ఉన్నాయి. ఇస్లామీయ ధర్మశాస్త్రం ఏ పెళ్లిని పెళ్లిగా గుర్తిస్తుందన్నది ఒకటి, ప్రభుత్వం ఎవరి పెళ్లిని నమోదు చేయాలన్నది మరొకటి.

మొదటిదానిపై సంప్రదాయ పండితులలో భేదం లేదు. సున్నీ ధర్మశాస్త్రపు నాలుగు సంప్రదాయాలలో, వలీ (స్త్రీ తరఫు సంరక్షకుడు) లేకుండా వయోజన స్త్రీ తన నిఖాను తానే చేసుకోవచ్చని హనఫీలు అంటే, కుదరదని షాఫయీ, మాలికీ, హంబలీ పండితులు అంటారు. ఇలాంటి భేదాలు పుస్తకాల నిండా ఉన్నాయి కానీ, ఒప్పందం స్త్రీ పురుషుల మధ్యనే జరగాలన్న విషయంలో ఎవరూ ఎవరితోనూ విభేదించలేదు. బోస్టన్ విశ్వవిద్యాలయంలో బోధించే కేషియా అలీ చేసిన ఒక పరిశీలనను ఇక్కడ తప్పక చెప్పాలి. సంప్రదాయ ఫిఖ్‌హ్‌లో (ధర్మశాస్త్రంలో) నిఖా అనేది ఇద్దరు సమానుల మధ్య ఒడంబడిక కాదని, మెహర్ చెల్లించిన భర్తకు వివాహ బంధంపై ఒక విధమైన అధికారం సంక్రమించే ఒప్పందమని, ఆ చట్రంలో భార్య హక్కులు, భర్త హక్కులు వేర్వేరుగా ఉంటాయని ఆమె చూపించారు. అందువల్ల ఒకరి స్థానంలో మరొకరిని పెట్టినంత మాత్రాన స్వలింగ నిఖా తయారు కాదు. మెహర్ ఎవరు ఇవ్వాలి, తలాఖ్ (విడాకులు) ఇచ్చే అధికారం ఎవరిది అనే ప్రశ్నల దగ్గరే ఆ చట్రం ఆగిపోతుంది. దాన్ని మార్చాలనుకునేవారు కూడా ఈ చిక్కును దాటవేయకూడదు.

రెండవ ప్రశ్నకు మన చరిత్రలోనే ఒక ఆశ్చర్యకరమైన పోలిక దొరుకుతుంది. 1350లో మరణించిన డెమాస్కస్ పండితుడు ఇబ్న్ అల్ ఖయ్యిమ్, ముస్లిం పాలనలోని ఇతర మతస్థుల గురించి రాసిన గ్రంథంలో, ప్రాచీన పర్షియా మతస్థులైన జొరాస్ట్రియనులు కొందరు తల్లినో చెల్లెలినో పెళ్లాడే ఆచారాన్ని చర్చించాడు. ఇస్లాం దృష్టిలో అంతకన్నా జుగుప్సాకరమైన సంబంధం ఊహించడం కష్టం. అయినా, ఆ పెళ్లి వారి మతంలో చెల్లుతుందని వారు నమ్ముతున్నంత వరకూ, ఆ వ్యవహారాన్ని ముస్లిం న్యాయస్థానానికి తీసుకురానంత వరకూ ప్రభుత్వం జోక్యం చేసుకోనక్కరలేదని ఆయన తేల్చాడు. హజర్ ప్రాంతపు జొరాస్ట్రియనుల నుంచి జిజియా (ముస్లిమేతరులు చెల్లించే పన్ను) స్వీకరించిన ప్రవక్త వారి పెళ్లిళ్ల జోలికి వెళ్లలేదన్నది ఆయన ఆధారాలలో ఒకటి. ఒక సంబంధాన్ని సహించడం వేరు, దాన్ని మంచిదని ఒప్పుకోవడం వేరు అన్న తేడా దాదాపు 700 ఏళ్ల క్రితమే మన పండితులకు స్పష్టంగా తెలుసు.

ఇక నేటి చట్టాల సంగతి. ఇంగ్లండు, వేల్స్‌లలో 2013లో వచ్చిన స్వలింగ వివాహ చట్టం ఏ మత సంస్థనూ, ఏ మత గురువునూ ఇటువంటి పెళ్లి జరిపించమని బలవంతపెట్టరాదని రాసుకుంది. అమెరికా సుప్రీంకోర్టు 2015 జూన్ 26న దేశమంతటా స్వలింగ వివాహాన్ని అనుమతిస్తూ ఇచ్చిన ఓబర్గెఫెల్ తీర్పు కూడా, మతాలు తమ బోధనను మునుపటి వలెనే బోధించుకోవచ్చని చెప్పింది. ఇమాముపై ఒత్తిడి వస్తుందన్న భయానికి కనీసం ఈ రెండు చోట్ల ఆధారం లేదు.

సర్వేల గురించి కూడా ఒక మాట. సమాజం స్వలింగ సంపర్కాన్ని అంగీకరించాలా అని అమెరికాలోని ప్యూ అనే సర్వే సంస్థ అడిగినప్పుడు, అంగీకరించాలి అన్న అమెరికా ముస్లింలు 2007లో 27 శాతం, 2011లో 39 శాతం, 2017లో 52 శాతం. ఈ అంకెలను చూపి ముస్లింలు తమ ధర్మాన్ని మార్చుకున్నారని కొందరు సంతోషిస్తారు, కొందరు బాధపడతారు. ఇద్దరూ పొరబడుతున్నారని నా అభిప్రాయం. అడిగింది సమాజం గురించి. అది ధర్మసమ్మతమా అని కాదు.

నా వరకు, పౌర వివాహ చట్టాన్ని వ్యతిరేకించడం విశ్వాసానికి షరతు కాదు. దాన్ని ధర్మసమ్మతమని ప్రకటించవలసిన అవసరమూ లేదు.

సమాధానం 2 (మదరసాలో చదువుకున్నవారు)

పై సమాధానం చాలా శ్రద్ధతో రాశారు, అల్లాహ్ వారి జ్ఞానాన్ని వృద్ధి చేయుగాక. అయితే అందులోని ప్రధాన పోలికను అంత సులువుగా అంగీకరించలేను.

ఇబ్న్ అల్ ఖయ్యిమ్ మాట నిజమే. కానీ జొరాస్ట్రియనులలో రక్తసంబంధీకుల మధ్య ఉన్న పెళ్లిళ్లను విడదీయమని ఖలీఫా ఉమర్ తన మరణానికి ఒక ఏడాది ముందు లేఖ రాసినట్టు బుఖారీ హదీసు సంకలనంలోనే ఉంది. ఈ రెండు వైఖరులూ మన వారసత్వంలో ఉన్నప్పుడు ఒకదాన్నే చూపడం సరికాదు. పైగా అక్కడ చట్టం ముస్లిం పాలకులది, ఆచారం మరొక సమాజానిది. నేడు ప్రజాస్వామ్యంలో మనం కూడా ఓటు వేస్తాం, చట్టం చేయడంలో మనకూ పాలు ఉంటుంది. పక్కింటివారు చేసే పనిని చూసి మౌనంగా ఉండటమూ, ఆ పనికి అనుకూలంగా నేనే చేయి ఎత్తడమూ ఒకటి కావు.

ఆయతులకు కొత్త అర్థాలు చెప్పేవారి సంగతి కూడా ప్రస్తావించాలి. లూత్ ప్రవక్త జాతి చేసిన నేరం అతిథులపై బలాత్కారమే తప్ప పరస్పర సమ్మతితో జరిగే సంబంధం కాదని పరిశోధకుడు స్కాట్ సిరాజుల్ హఖ్ కూగల్ 2010లో వెలువడిన తన పుస్తకంలో వాదించారు. ఆ వాదన చదివాను. బలాత్కారం, దారిదోపిడీ, ప్రవక్తను తిరస్కరించడం ఆ జాతి నేరాలలో ఉన్నాయన్నది నిజం. కానీ ఖుర్ఆన్ ఏడవ సూరా (అధ్యాయం) 81వ ఆయతు (వాక్యం), ‘స్త్రీలను విడిచి కామంతో పురుషుల దగ్గరకు వెళ్తున్నారు’ అని ఆ పనినే పేరు పెట్టి నిందించింది. దాన్ని కేవలం బలాత్కారానికి పరిమితం చేయాలంటే ‘స్త్రీలను విడిచి’ అన్న మాటకు చోటు ఉండదు. పద్నాలుగు శతాబ్దాల పాటు పండితులంతా ఒకే విధంగా అర్థం చేసుకున్న వాక్యం అది.

అదే సమయంలో, మన సమాజంలో చాలామంది మరచిపోయే విషయం ఒకటి ఉంది, దాన్ని గట్టిగానే చెప్పదలిచాను. మనసులో కలిగే ఆకర్షణ పాపం కాదు. మనిషి తన ఇష్టంతో చేసే పనికే లెక్క ఉంటుంది. 2023 మే నెలలో ఉత్తర అమెరికాకు చెందిన అనేకమంది ఇమాములు, పండితులు కలిసి విడుదల చేసిన ప్రకటనలో స్త్రీ పురుషుల వివాహం బయట ఉన్న లైంగిక సంబంధాలన్నీ నిషిద్ధమనే నియమాన్ని ఎవరూ మార్చలేరని రాశారు. ఈ నియమంతో ఏకీభవించనివారికి హింసకు గురికాకుండా ప్రశాంతంగా జీవించే హక్కు ఉందనీ అదే ప్రకటనలో రాశారు. మొదటి సగాన్ని మింబరుపై (మసీదు ప్రసంగ వేదికపై) నుంచి వినిపించి, రెండవ సగాన్ని మింగేసే వక్తలను చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది.

సమాధానం 3 (నిఖా మాత్రమే జరిగిన స్త్రీ)

నిఖా వేరు, ప్రభుత్వ నమోదు వేరు అన్న మాట ఇక్కడ అందరూ ఎంతో సులువుగా వాడుతున్నారు. ఆ తేడా వల్ల నష్టపోయిన మనిషిగా నేను కొంచెం చెప్పాలి.

ఇంగ్లండులో నాకు నిఖా జరిగింది, సాక్షులు ఉన్నారు, మెహర్ రాసుకున్నారు, వందమంది భోజనం చేసి దీవించారు. రిజిస్ట్రారు దగ్గరకు తరువాత వెళ్దామన్న ఆయన పదకొండేళ్లు వాయిదా వేశారు. విడిపోయినప్పుడు తెలిసింది, ఆ దేశపు చట్టం దృష్టిలో నేను ఎవరి భార్యనూ కానని. ఇంటిలో వాటా లేదు, ఆయన పింఛనులో వాటా లేదు. నేను సలహా కోసం వెళ్లిన మత పెద్ద ఓర్పు వహించమన్నారు.

ఇది నా ఒక్కదాని కథ కాదు. నిఖా మాత్రమే జరిగిన ఒక జంట వ్యవహారంలో లండన్ హైకోర్టు 2018లో, దాన్ని చెల్లని వివాహంగా పరిగణించి భార్యకు ఆర్థిక పరిహారం కోరే దారి ఇచ్చింది. అప్పీలు కోర్టు 2020 ఫిబ్రవరిలో ఆ తీర్పును తిరగరాసి, అక్కడ చెల్లని వివాహం కూడా లేదని, చట్టం లెక్కలోకి తీసుకోవలసిన వివాహమే జరగలేదని చెప్పింది. చెల్లని వివాహమైతే కనీసం ఆస్తి గురించి అడిగే వీలుంటుంది. వివాహమే కాకపోతే అదీ ఉండదు. ముస్లింల కుటుంబ వివాదాలు చూసే షరియా మండళ్లపై ప్రొఫెసర్ మోనా సిద్దిఖీ అధ్యక్షతన ఆ దేశంలో జరిగిన సమీక్ష 2018లోనే, నిఖాకు ముందో, దానితో పాటో పౌర వివాహం జరిగి తీరేలా 1949 నాటి వివాహ చట్టాన్ని సవరించమని సూచించింది. ఫ్రాన్సులో పౌర వివాహం ముందు జరగాలి, మత క్రతువు తరువాతే. తుర్కియే 1926 నుంచి పౌర వివాహాన్నే చట్టబద్ధమైనదిగా గుర్తిస్తోంది. 2017 నుంచి ముఫ్తీలకు కూడా ఆ పౌర వివాహాన్ని జరిపించే అధికారం ఇచ్చింది.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ప్రభుత్వ కాగితం అంటే ఏమిటో నాకు అది లేకపోవడం వల్ల తెలిసింది. ఆసుపత్రిలో ఎవరిని లోపలికి రానిస్తారు, చనిపోతే ఇల్లు ఎవరికి పోతుంది, విడిపోతే ఎవరు రోడ్డున పడతారు అన్నవి ఆ కాగితం తేల్చే విషయాలు. దేవుడి దగ్గర ఆ సంబంధం ఏమిటన్నది అందులో ఎక్కడా రాసి ఉండదు. మీ సహోద్యోగి అడుగుతున్నది ఆ కాగితాన్నే. నాకు దక్కని రక్షణను మరొకరికి దక్కకూడదని కోరుకోవడానికి నా విశ్వాసంలో కారణం వెతికాను, దొరకలేదు.

సమాధానం 4 (పేరు చెప్పదలచుకోనివారు)

నేను ముస్లింను, స్వలింగ ఆకర్షణ కలవాణ్ణి. ఈ చర్చలో మావంటివారిని ఎవరూ అవమానించనందుకు కృతజ్ఞతలు.

మాలో అందరూ ఒకేలా ఆలోచించరు. నా మిత్రులలో ఒకరు నిఖా కావాలంటారు, దాన్ని జరిపించే ఇమాములు కొద్దిమంది ఉన్నారు కూడా. దక్షిణాఫ్రికాలో ఆ పని బహిరంగంగా చేసిన ముహ్సిన్ హెండ్రిక్స్‌ను 2025 ఫిబ్రవరి 15న కాల్చి చంపారు. ఆ దేశంలో స్వలింగ జంటల పౌర బంధానికి 2006లోనే చట్టం వచ్చింది. చట్టం వచ్చిన దాదాపు రెండు దశాబ్దాల తరువాత ఆ వార్త విన్న రోజు నేను మసీదుకు వెళ్లి కూడా లోపలికి అడుగు పెట్టలేకపోయాను.

నా సొంత నిర్ణయం వేరు. నేను ఒంటరిగానే ఉంటున్నాను, అది నేను నా ప్రభువుతో చేసుకున్న ఒప్పందం. కానీ ఆ నిర్ణయం నాదిగా ఉండాలంటే మరొక దారి చట్టం ముందు తెరిచి ఉండాలి. బలవంతంగా మూసిన తలుపు ముందు నిలబడిన మనిషి ఓర్పును ఎవరు ఆరాధనగా లెక్కిస్తారు? రెండవ సమాధానం రాసిన పెద్దలు ఆకర్షణ పాపం కాదన్నారు. ఆ ఒక్క మాట నా పదిహేనవ ఏట నా తండ్రిగారి చెవిన ఎవరైనా వేసి ఉంటే, నేను ఇల్లు విడిచిపెట్టవలసి వచ్చేది కాదు.

జిజ్ఞాసువు మళ్లీ

అందరికీ ధన్యవాదాలు. మూడవ సమాధానం చదివాక మా చెల్లెలి పెళ్లి నమోదైందా అని ఇంటికి ఫోను చేసి అడిగాను. కాలేదట. వచ్చే వారం ఆ పని పూర్తి చేయిస్తాను. సాక్షి సంతకం విషయంలో రెండవ సమాధానం రాసినవారు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

సమాధానం 2 రాసినవారు మళ్లీ

నేనైతే ఆ సంతకం చేయను. నిఖా కాకపోయినా సాక్ష్యం అనేది మన ధర్మంలో బరువైన మాట. నేను మంచిదని నమ్మని ఒడంబడికకు నా పేరు జోడించలేను. మీరు చేస్తే మీరు విశ్వాసం నుంచి బయటపడ్డారని మాత్రం అనను, అలా అనే అధికారం నాకు లేదు. చేయకూడదని నిర్ణయించుకుంటే ఆ మాట అతనికి ఎదురుగా, మర్యాదగా, ముందుగానే చెప్పండి. ఆఖరి రోజున ముఖం చాటేయకండి. అతను మరొకరిని చూసుకోవడానికి సమయం కావాలి కదా.

నాలుగవ సమాధానం రాసిన సోదరునికి ఒక మాట. మీరు ఏ ఊరిలో ఉన్నా, ఈసారి మసీదు గుమ్మం దగ్గర అడుగు ఆగిపోతే ఇక్కడ నాకు రాయండి. మీతో కలిసి లోపలికి వచ్చి నమాజు చేసేవారిని ఆ ఊరిలో వెతికి పెట్టే బాధ్యత నాది.